మూసారాం స్తంభం
వార్షికోత్సవ సభలో యువ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం, కానింగ్ వేల్

ఈ దేశంలోనే పుట్టి, ఇక్కడి బడులలో చదువుకొని, ఇంట తెలుగు, వెలుపల ఆంగ్లం మాట్లాడుతూ పెరిగిన యువతీ యువకులకు నా ప్రత్యేక శుభాశీస్సులు. ఈనాటి నా మాటలు ముఖ్యంగా మీ కోసమే.

దేవాలయ వార్షికోత్సవంలో గోపురాన్ని గురించి మాట్లాడటం పరిపాటి. నేను కూడా ఎత్తైన కట్టడం ఒకదానిని గురించే చెప్పదలచుకున్నాను. అయితే అది గుడి గోపురం కాదు, మసీదు మీనారు కాదు, చర్చి శిఖరమూ కాదు. ఒకప్పుడు హైదరాబాదు నగరానికి తూర్పున, ఊరి వెలుపల, ఒక మిట్ట మీద ఒంటరిగా నిలిచిన నల్లరాతి స్తంభం. దాని కింద ఉన్నవాడు ఫ్రాన్సు దేశస్థుడు. దాని చుట్టూ అల్లుకున్న కథలు మాత్రం మనవాళ్ళవి. అతని పేరును మనవాళ్ళు ఎలా పలికారు, ఆ పలుకుబడి ఏమి చేసింది అన్నదే నా ప్రసంగ విషయం. పేర్ల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. బడిలో మొదటి రోజున హాజరు పిలిచేటప్పుడు మీ పేరు దగ్గరకు వచ్చి ఆగిపోయిన గొంతు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ముందుగా ఒక మాట అర్థం చేసుకుందాం. 18వ శతాబ్దంలో ఇంగ్లండు పల్లెసీమలలో భూస్వాములు తమ ఎస్టేటులలోని గుట్టల మీద బురుజులు, పాడుపడినట్లు కనిపించే కోటగోడలు, రాతి స్తంభాలు కట్టించుకొనేవారు. వాటిలో ఎవరూ కాపురముండరు. వాటి మీద నుంచి ఎవరూ యుద్ధం చేయరు. దూరం నుంచి చూసేవారి కంటికి ఇంపుగా ఉండటమే వాటి పని. ఇటువంటి కట్టడాన్ని ఆంగ్లంలో ఫాలీ అంటారు. ఆ మాటకు అవివేకమని అర్థం. డబ్బు ఎక్కువై చేసిన తెలివితక్కువ పని అని ఇరుగుపొరుగువారు పెట్టిన పేరు అది.

కాని ఆ ఇరుగుపొరుగువారే మరొక పని కూడా చేస్తారు. ఆ బురుజుకు ఒక కథ కట్టిపెడతారు. ప్రయోజనం తెలియని కట్టడం జనానికి ఒక ప్రశ్న. దానిని జవాబు లేకుండా వదిలిపెట్టడం వారికి ఇష్టముండదు. ఎవరో రాణి విరహంతో కట్టించిందంటారు, ఎవరినో బంధించి ఉంచారంటారు, కింద సొరంగం ఉందంటారు. ఇది ఒక్క ఇంగ్లండు పద్ధతే కాదు. చార్మినారు నుంచి గోల్కొండకు సొరంగం ఉందని హైదరాబాదులో వినని పిల్లలు ఉండరు.

ఇక మన మిట్ట దగ్గరకు వెళదాం. మీరు సెలవులకు హైదరాబాదు వెళ్ళినప్పుడు మెట్రో రైలు ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళితే, మలక్‌పేట దాటిన తరువాత ముసారాంబాగ్ అన్న స్టేషను వస్తుంది. 2018లో ఆ మార్గం తెరిచినప్పటి నుంచి రోజూ వేలమంది ఆ పేరు వింటున్నారు. బాగ్ అంటే తోట. రాం అంటే తెలిసిందే. మరి మూసా ఎవరు? మూసీ నది ఆ చుట్టుపక్కలే ప్రవహిస్తుంది కనుక నదిని బట్టి వచ్చిన పేరేమో అనుకోవడం సులభం. మోషే ప్రవక్తను ముస్లిములు మూసా అంటారు కనుక ఆయన పేరేమో అని కూడా అనుకోవచ్చు. రెండూ కావు. ఆ మూసా ఫ్రెంచి భాష నుంచి వచ్చింది. మనం అయ్యా, గారు అన్నట్లు ఫ్రెంచివారు మొస్యో అంటారు. ఆ మొస్యో దక్కను ప్రజల నోట మూసా అయింది. రేమోఁ అన్న పేరు రాం అయింది. ఆంగ్లంలో రేమండ్ అని రాసేవాడే మన మూసారాం.

అతని పూర్తి పేరు మిషెల్ జొవాషాఁ మరీ రేమోఁ. తెలుగు పుస్తకాలలో వాడుక ప్రకారం రేమండ్ అనే అందాం. 1755లో ఫ్రాన్సు దేశపు నైరుతి ప్రాంతమైన గాస్కనీలో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1775లో, వ్యాపారం చేసుకొందామని పుదుచ్చేరికి వచ్చాడు. మీ తల్లిదండ్రులలో చాలామంది ఈ దేశానికి వచ్చిన వయసు కంటె కొద్దిగా చిన్న వయసు. వ్యాపారం సాగలేదు, సైన్యంలో చేరాడు. మైసూరులో హైదర్ అలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో పనిచేశాడు. ఆ తరువాత బుస్సీ సేనాని దగ్గర సహాయకుడయ్యాడు. బొబ్బిలి యుద్ధం కథలో మీరు వినే బుస్సీయే ఈ బుస్సీ. 1757లో బొబ్బిలి మీదకు వచ్చినవాడు, పాతికేళ్ళ తరువాత వృద్ధాప్యంలో మళ్ళీ భారతదేశానికి వచ్చి 1785లో పుదుచ్చేరిలో మరణించాడు. అటుపైన రేమండ్ హైదరాబాదు చేరి రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ కొలువులో ప్రవేశించాడు.

కొద్ది వందల మందితో మొదలైన అతని దళం పదేళ్ళలో దాదాపు 14,000 మంది దాకా పెరిగింది. నగరంలో ఫిరంగులు పోతపోసే కార్ఖానా అతని ఏర్పాటే. దానిని తోప్ కా సాంచా అనేవారు. ఇవాళ నగరం నడిబొడ్డున గన్ ఫౌండ్రీ అని పిలిచే పేటకు ఆ పేరు అలా వచ్చింది. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయినప్పుడు కూడా రేమండ్ దళాలు గట్టిగా నిలిచాయని ప్రతీతి. అదే సంవత్సరం నిజాం కుమారుడు అలీ జా తండ్రి మీద తిరుగుబాటు చేస్తే అణచివేసినవాడు కూడా రేమండే. అంటే, ఈయన సాధువు కాడని మనం గుర్తుంచుకోవాలి. జీతానికి యుద్ధం చేసిన సేనాని. అయితే తన సిపాయిలను ఆదరించినవాడని, చేతికి ఎముక లేనివాడని మాత్రం పేరు సంపాదించాడు.

1798 మార్చి 25న, నలభై మూడేళ్ళు నిండకుండానే, రేమండ్ మరణించాడు. ఎలా మరణించాడన్న చోటనే కథలు మొదలవుతాయి. విషం పెట్టారని కొందరన్నారు. తనంతట తానే తీసుకున్నాడని కొందరన్నారు. పెట్టింది ఎవరంటే ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పారు. దేనికీ రుజువు లేదు. ఆనాటి రాజకీయం మాత్రం అనుమానాలకు అనువుగా ఉంది. హైదరాబాదులో ఫ్రెంచి సైన్యం ఉండటం ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకి కంటిలో నలుసు. రేమండ్ పోయిన ఆరు నెలలలోపే, సెప్టెంబరు 1న, నిజాం కంపెనీతో సంధి చేసుకొన్నాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలన్నది అందులో ముఖ్యమైన షరతు. అక్టోబరు 22న కంపెనీ సేనలు ఆ దళాన్ని చుట్టుముట్టాయి. అప్పటికే జీతాల బకాయిల కోసం సిపాయిలు తమ అధికారుల మీదనే తిరగబడి ఉన్నారు. రక్తం చిందకుండానే ఆయుధాలు అప్పగించారు. పదమూడేళ్ళ పాటు కట్టిన సైన్యం ఒక్క పూటలో మాయమైంది. దానిని నడిపిన ఫ్రెంచి అధికారులను దేశం దాటించారు.

ఇక మిగిలింది ఆ మిట్ట మీది స్తంభం. విశాలమైన రాతి తిన్నె మీద సుమారు 23 అడుగుల ఎత్తు, నాలుగు పలకలుగా లేచి, పైకి పోయిన కొద్దీ సన్నబడి, కొన తేలిన నల్లరాతి కట్టడం. పక్కన స్తంభాల మంటపం. రాతి మీద అతని పేరులోని మొదటి అక్షరాలు రెండు, జే, ఆర్. ఇటువంటి స్తంభాన్ని ఒబెలిస్కు అంటారు. పుట్టుక ఈజిప్టులో. 18వ శతాబ్దపు ఐరోపావారికి దాని మీద మోజు ఎక్కువ. ఇంగ్లండులో గుట్టల మీద వేడుకకు నిలిపేవారు. ఈ దేశం వచ్చి చనిపోయిన తమవారి సమాధుల మీద కూడా నిలిపేవారు. కలకత్తా పార్క్ స్ట్రీట్ పాత శ్మశానవాటిక నిండా అవే ఉంటాయి.

కనుక కచ్చితంగా చెప్పాలంటే ఇది ఫాలీ కాదు, సమాధి. కాని ఒక విషయం గమనించండి. సమాధి దగ్గరకు రావలసిన చుట్టాలు అతనికి హైదరాబాదులో లేరు. దీపం పెట్టవలసిన సైన్యం చెల్లాచెదురైంది. ఆ రెండు అక్షరాలు చదవగలిగినవారు ఆ చుట్టుపక్కల పల్లెలలో లేరు. సమాధి అని చెప్పేవారు కరువైతే అది కూడా గుట్ట మీద ఊరికే నిలిచిన స్తంభమే అవుతుంది. రైతులు, పశువుల కాపరులు పొద్దున్నే తలెత్తి చూస్తే కనిపించే ఒక ప్రశ్న అవుతుంది.

ఆ ప్రశ్నకు వారు ఇచ్చిన జవాబు చూడండి. హిందువులు అతనిని మూసా రాం అన్నారు. ముస్లిములు మూసా రహీం అన్నారు. ఇద్దరిలో ఎవరూ అతనిని పరాయివాడనలేదు. వర్ధంతి రోజున అక్కడ జనం చేరేవారు. దానిని ఉర్సు అన్నారు. ఉర్సు అంటే పుణ్యపురుషుని వర్ధంతి ఉత్సవం. ధూపం, దీపం, మొక్కు అన్నీ జరిగేవి. ఇది 20వ శతాబ్దంలోకి కూడా సాగింది. నిజాముకు సైన్యం నడిపిన పరదేశి సేనాని, నూరేళ్ళు గడిచేసరికి అటు రాముడి పేరుతో, ఇటు రహీము పేరుతో ఆ ఊరి పెద్దమనిషి అయిపోయాడు. సైన్యాన్ని రద్దు చేయడానికి సంధిపత్రం చాలింది. ఈ పేరును రద్దు చేయడం ఎవరివల్లా కాలేదు.

ఇక్కడ మీరు నన్ను ఒక ప్రశ్న అడగాలి. ఇది చరిత్రా, పుక్కిటి పురాణమా? మీరు చదువుకున్నవారు. ఆధారం ఏదని అడగటం మీకు నేర్పారు. అడగండి. అడిగితే కథ చెడిపోదు, ఇంకా బాగా అర్థమవుతుంది. మనం విన్నదానిని మూడు కుప్పలుగా పోయవచ్చు. రేమండ్ 1798 మార్చిలో మరణించాడు, అక్టోబరులో అతని సైన్యం రద్దయింది. ఇది దస్తావేజులలో ఉన్నది. అతనికి విషం పెట్టారన్నది ఊహ. సాధ్యమే కావచ్చు, రుజువు కాలేదు. అతను మొక్కులు తీర్చే మహనీయుడన్నది కథ. ఆ కథ రేమండ్ గురించి చెప్పేది తక్కువ. అతనిని తమవాడనుకొన్న ప్రజల గురించి చెప్పేది ఎక్కువ. మూడింటినీ కలిపి కుప్పపోస్తే మూడూ చెడతాయి. మొదటిదానిని మాత్రమే ఉంచుకొని మిగిలినవి పారవేస్తే, ఆ మిట్ట ఎక్కి దీపం పెట్టిన మనుషులందరినీ పారవేసినట్లే.

మరొక ఉదాహరణ చెబుతాను. కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఉంది. మీలో కర్నూలు మూలాలున్నవారు చూసే ఉంటారు. సినిమాలలో అందరూ చూసినదే. ఆ కోట కట్టించింది 16వ శతాబ్దంలో విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలు. కాని బురుజును ఎవరూ అచ్యుతరాయల బురుజు అనరు. కొండారెడ్డి ఆలంపురం ప్రాంతపు పాలకుడని, కర్నూలు నవాబు అతనిని ఆ బురుజులో బంధించాడని చెప్పుకుంటారు. అక్కడే కన్నుమూశాడని కొందరు, సొరంగంలో దిగి తుంగభద్ర కింద నుంచి గద్వాలకు తప్పించుకు పోయాడని కొందరు అంటారు. పెద్ద నది అడుగు నుంచి అంత దూరం సొరంగం ఉందన్నది నమ్మశక్యం కాని మాట. ఆ మాట ఎందుకు పుట్టిందో మాత్రం ఊహించవచ్చు. బందీగా పోయినవాడు బయటపడితే బాగుండునని జనం కోరుకున్నారు. ఆ కోరికే సొరంగం తవ్వింది. చక్రవర్తి రాళ్ళు పేర్పించాడు, ప్రజలు పేరు పెట్టారు. నాలుగు వందల ఏళ్ళ తరువాత నిలిచినది ప్రజలు పెట్టిన పేరే.

మూసారాం మిట్టకు దగ్గరలోనే ఇంకొక ఎత్తు మీద ఇంకొక కట్టడం ఉంది. అది ఆస్మాన్ గఢ్. పాయిగా ప్రభువు, తరువాత హైదరాబాదు దివానుగా పనిచేసిన సర్ ఆస్మాన్ జా 1885లో కట్టించిన విడిది. ఆస్మాన్ అంటే ఆకాశం, గఢ్ అంటే కోట. ఐరోపా మధ్యయుగపు కోటలాగా రాతి బురుజులు, కమానుల కిటికీలు. శత్రువు లేని చోట కోట, విహారానికి మాత్రమే. ఇంగ్లండువారి లెక్కలో ఫాలీ అన్న మాటకు ఇది సరిగ్గా తగినది. కట్టించినవారి పేరు దాని పేరులోనే ఉంది, రాతి పని చెక్కుచెదరలేదు. అయినా దాని దగ్గర ఎవరూ ఉర్సు జరపలేదు, మొక్కు మొక్కలేదు. ఒకే పేటలో రెండు కట్టడాలు. ఒకదానికి కట్టించిన ప్రభువు తన పేరు తానే పెట్టుకున్నాడు. రెండవదానికి ఊరు పేరు పెట్టింది.

ఇప్పుడు ఈ భేదాన్ని పట్టుకొని మనం ఉన్న చోటికి వద్దాం. మన ఈ పేటను కానింగ్ వేల్ అంటాం. ఆ కానింగ్ ఎవరు? జార్జ్ కానింగ్ ఆంగ్ల రాజకీయవేత్త. 1827లో కొద్ది నెలలు ప్రధానమంత్రిగా ఉండి ఆగస్టులో మరణించాడు. ఆ సంవత్సరమే ఇక్కడి నదులను పరిశీలించడానికి వచ్చిన నౌకాధిపతి జేమ్స్ స్టిర్లింగ్ ఆయన పేరును ఒక నదికి పెట్టాడు. ఆంగ్లేయులు ఇక్కడ వలస స్థాపించినది 1829లో. అప్పటికి ఆ పెద్దమనిషి పోయి రెండేళ్ళు. ఈ నేల మీద ఆయన ఒక్క అడుగు పెట్టలేదు. ఆ నదికి నూంగార్ ప్రజల భాషలో జార్ల్‌గారా అన్న పేరు అంతకు ముందే ఉంది. ఇప్పటికీ ఉంది. మనం నివసించే చోటికి పైనుంచి వచ్చిన పేరు ఒకటి, నేలలో నుంచి వచ్చిన పేరు ఒకటి అన్నమాట. మన చిరునామాలో మొదటిది మాత్రమే రాస్తాం. రెండవది కూడా పలకడం నేర్చుకోవడం, ఇక్కడికి వచ్చి స్థిరపడినవారిగా మన మర్యాద.

ఫ్రీమాంటిల్ వెళ్ళినప్పుడు ఆర్థర్ హెడ్ అన్న గుట్ట మీద రౌండ్ హౌస్ చూసే ఉంటారు. 1831లో పూర్తయిన జైలు. ఈ రాష్ట్రంలో నిలిచి ఉన్న ప్రభుత్వ కట్టడాలలో అన్నిటికంటె పాతది. దానికి పన్నెండు ముఖాలున్నాయి. అయినా జనం నోట గుండ్రటి ఇల్లే అయింది. దాని కింద సొరంగం నిజంగానే ఉంది. తిమింగిలాల వేట కంపెనీవారు 1837, 1838 ప్రాంతంలో తవ్వించినది. మన ఊళ్ళలో సొరంగం కథలో ఉంటే ఇక్కడ రాతిలో ఉంది. కాని ఆ జైలు గదులలో నూంగార్ మనుషులను బంధించి అక్కడి నుంచి రాట్‌నెస్ట్ దీవికి పంపేవారు. ఆ దీవికి వారి పేరు వాజెమప్. గుండ్రటి ఇల్లు అన్న ముద్దు పేరు ఆ సంగతి చెప్పదు. కథ అన్నిసార్లూ ఆదరణతోనే పుట్టదు. కొన్నిసార్లు కప్పిపుచ్చడానికి కూడా పుడుతుంది. అందుకే మూడు కుప్పలు వేరు చేయాలన్నాను.

పెర్త్ నగరంలో సెయింట్ జార్జెస్ టెరస్ చివర బారక్స్ ఆర్చ్ ఉంది. 1860లలో సైనికుల వసతి కోసం కట్టిన పెద్ద భవనానికి అది సింహద్వారం. 1966లో రహదారి కోసం భవనం కూల్చివేస్తుంటే, ద్వారమైనా మిగల్చమని ప్రజలు పట్టుపట్టారు. మిగిలింది. ఇవాళ అది లోపల ఇల్లు లేని గుమ్మం. ఎవరైనా కొత్తవారు చూస్తే ఫాలీ అనే అనుకుంటారు. కాని ఆ ఊరివారు అది కావాలనుకున్నారు కనుక నిలిచింది. ప్రయోజనం తీరిపోయిన తరువాత కట్టడాన్ని నిలబెట్టేది సున్నమూ ఇటుకా కావు. అది మాది అనుకునే మనుషులు.

యువ మిత్రులారా, ఇక మీ పేర్ల సంగతికి వస్తాను. వెంకట సుబ్రహ్మణ్యం వెంక్ అవుతాడు. శ్రీలక్ష్మి శ్రీ అవుతుంది. జ్ఞానేశ్వరి సంగతి చెప్పనే వద్దు. ఇంట్లో అమ్మమ్మ పిలిచే పేరు ఒకటి, బడిలో హాజరు పట్టీలో పలికే పేరు మరొకటి. ఇది మీకు బాధ కలిగించిన రోజులు ఉంటాయి. సిగ్గు కలిగించిన రోజులు కూడా ఉండవచ్చు. మన పెద్దవాళ్ళు కొందరు దీనిని అవమానమంటారు. కొందరు పోనిమ్మంటారు. మూసారాం కథ తెలిసిన తరువాత నాకు తోచేది వేరు. పేరు మారడం ఒక్కటే తప్పు కాదు. రేమోఁ అన్న పేరును మనవాళ్ళు ఎంత వంచారో చూశారు కదా. కాని ఆ వంపులో అతని మీద చూపు ఉంది. అతను ఎవరో తెలుసుకొని, లేదా తెలుసుకున్నామనుకొని, తమ నోటికి తెలిసిన అతి గొప్ప పేరును అతనికి ఇచ్చారు. అది ఆదరణ. పలకడానికి ఒక్కసారి కూడా ప్రయత్నించకుండా కుదించి పారేసే మార్పు వేరు. అది నిర్లక్ష్యం. పేరు ఎంత మారిందని కాదు, పిలిచేవారు మిమ్మల్ని చూసి పిలుస్తున్నారా లేదా అన్నది చూడండి. స్నేహితుడు ప్రేమతో పెట్టిన ముద్దు పేరుకు సంతోషంగా పలకండి. చూడకుండా కుదించేవారికి మాత్రం మీ పేరు నిదానంగా, మర్యాదగా, మళ్ళీ ఒకసారి చెప్పండి. అది గర్వం కాదు, వారికి మీరిచ్చే అవకాశం.

అదే న్యాయం మనకూ వర్తిస్తుంది. మన పక్కింటి వియత్నాం కుటుంబం పేరు, మన గుడి వీధిలోని ఇథియోపియా దుకాణదారు పేరు, ఈ నేల నూంగార్ పేర్లు, ఇవన్నీ మన నోట ఎలా ఉన్నాయి? మన ముత్తాతలు చదువు రాకపోయినా ఒక ఫ్రెంచి సేనానికి తమ నోట చోటిచ్చారు. ఇంత చదువుకున్న మనం అంతకంటె తక్కువ చేయరాదు.

చివరిగా ఒక సంగతి. 2001 అక్టోబరులో కురిసిన పెద్ద వానలకు మూసారాం స్తంభం పక్కనున్న మంటపం కూలిపోయింది. అప్పటికి ఉర్సు జరిపేవారు లేరు. చుట్టూ నగరం పెరిగింది. కథ తెలిసినవారు తగ్గారు. కథ మంటపాన్ని ఆపలేకపోయింది. తరువాత దానిని మళ్ళీ నిలబెట్టగలిగారంటే, అది ఎలా ఉండేదో రాసిపెట్టినవారు, గీసిపెట్టినవారు, ఛాయాచిత్రాలు తీసిపెట్టినవారు ఉండటమూ ఒక కారణమే. కథ మనుషులను మిట్ట ఎక్కిస్తుంది. కూలినదానిని మళ్ళీ కట్టేటప్పుడు మాత్రం దస్తావేజు కావాలి. ఒకటి ఉండి రెండవది లేకపోతే కట్టడం ఎక్కువకాలం నిలవదు.

మన సంఘం విషయంలో కూడా అంతే. ఈ దేవాలయం ఎలా మొదలైందో మీ పెద్దలు చెప్పే మాటలు మీరు వింటూనే ఉన్నారు. మొదటి పూజ ఎవరి ఇంట జరిగింది, వంటపాత్రలు ఎవరు మోశారు, అనుమతి కాగితాల కోసం ఎవరెవరు ఎన్నిసార్లు తిరిగారు అన్నవి ఒక్కొక్కరి నోట ఒక్కొక్క విధంగా ఉంటాయి. పోటీగా కూడా ఉంటాయి. అవి ఇప్పుడిప్పుడే కథలవుతున్నాయి. కావలసిందే. కాని మొదటి తరం వారు మన మధ్య ఉండగానే మీరు ఒక పని చేయాలని నా విన్నపం. ఒక్కొక్కరూ ఒక్క పెద్దాయన దగ్గర గాని, ఒక్క పెద్దమ్మ దగ్గర గాని కూర్చోండి. వారు చెప్పింది చెప్పినట్లు తెలుగులోనే రికార్డు చేయండి. మీకు తెలుగు రాయడం రాకపోతే వారి గొంతు చాలు. తరువాత ఒక కాగితం మీద మూడు వరుసలు గీయండి. తాము స్వయంగా చూసినది ఒక వరుసలో, విన్నది ఒక వరుసలో, అనుకుంటున్నది ఒక వరుసలో వేయండి. ఏ వరుసనూ కొట్టివేయకండి. సంవత్సరాలు, చెల్లింపులు, పేర్లు దొరికితే పక్కన రాయండి. ముఖ్యంగా, ఫోటోలో వెనుక వరుసలో నిలబడినవారి పేర్లు, వంటింట్లో ఉండిపోయి ఫోటోలోకే రానివారి పేర్లు అడగండి. శిలాఫలకం మీద ఎక్కే పేర్లు ఎలాగూ నిలుస్తాయి. ఎక్కనివి మీరు అడిగితేనే నిలుస్తాయి.

మనం ఈ దేశంలో కట్టుకున్నది ఫాలీ అవుతుందా, గుడిగా నిలుస్తుందా అన్నది కట్టిన తరం చేతిలో లేదు. మీ తరం, మీ తరువాతి తరం దీనిని ఏ పేరుతో పిలుస్తాయి, ఎందుకు లోపలికి వస్తాయి అన్నదాని మీద ఉంది. ఆ పేరు మేము పెట్టిన పేరే కానక్కరలేదు. మీ నోట కొంత వంగినా మాకు అభ్యంతరం లేదు. చూపుతో పిలవండి, అంతే చాలు.